స్టీమ్ డెక్‌లో 16 జీబీ తీసేసి 32 జీబీ ర్యామ్ వేయించా, ఏడాదిన్నర వాడాక చెప్తున్నా

స్టీమ్ డెక్ అంటే వాల్వ్ కంపెనీవాళ్ళ, చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ కంప్యూటర్. ముందే ఒక మాట చెప్పేస్తా, ఎందుకంటే ఎక్కువమంది దీని కోసమే చూస్తారు: ర్యామ్ పెంచితే ఎమ్యులేటర్‌లో (పాత కన్సోల్ ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే సాఫ్ట్‌వేర్) ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి వచ్చే ఫ్రేమ్‌ల సంఖ్య, పెరగదు. నా డెక్‌లో ముందు 22 వచ్చిన చోట ఇప్పుడూ 22 వస్తుంది. అయినా సరే డబ్బులు దండగ అని నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమో చెప్పడానికే ఇంత రాస్తున్నా.

నాది ఎల్‌సీడీ మోడల్. మన దగ్గర వాల్వ్ అధికారికంగా అమ్మదు కదా, 2023 సంక్రాంతికి అమెరికా నుంచి వస్తూ మా పెద్దనాన్న కొడుకు తెచ్చిచ్చాడు. తీసుకుందే ఎమ్యులేషన్ కోసం. మా ఇంట్లో పీఎస్2, పీఎస్3 (ప్లేస్టేషన్ 2, 3) డిస్క్‌లు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి, ఆ పీఎస్3 ఏమో ఎప్పుడో వేడెక్కి చచ్చిపోయింది, ఆ ఆటలన్నీ మళ్ళీ ఆడాలని నాకూ మా తమ్ముడికీ ఎప్పటినుంచో కోరిక.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. పాత కన్సోల్ ఆడించాలంటే ఎక్కువ ర్యామ్ కావాలి అనుకుంటారు. అసలు లెక్క చూడండి, పీఎస్1లో మెయిన్ ర్యామ్ 2 ఎంబీ, పీఎస్2లో 32 ఎంబీ, నింటెండో గేమ్‌క్యూబ్‌లో మెయిన్ మెమరీ 24 ఎంబీ, పీఎస్3లో 256 ఎంబీ మామూలుది ఇంకో 256 ఎంబీ గ్రాఫిక్స్‌ది. అంటే డెక్‌లో ఉన్న 16 జీబీ వీటన్నిటికీ ఎక్కువే. ఎమ్యులేషన్‌లో కష్టమంతా ఒక ప్రాసెసర్ భాషని ఇంకో ప్రాసెసర్ భాషలోకి మార్చడంలో ఉంటుంది, అది సీపీయూ పని. డెక్‌లో ఉన్నది ఏఎమ్‌డీ జెన్ 2 రకం కోర్‌లు 4, థ్రెడ్‌లు 8 (అంటే ఒకేసారి 8 పనులు నడపగలదు), గరిష్ఠంగా 3.5 గిగాహెర్ట్జ్, పైగా సీపీయూకీ జీపీయూకీ కలిపి 15 వాట్లే ఇస్తారు. ర్యామ్ ఎంత పోసినా ఆ 15 వాట్లు 16 అవ్వవు.

మరి నాకు ఇబ్బంది ఎక్కడ వచ్చింది అంటే ఆర్‌పీసీఎస్3 అనే పీఎస్3 ఎమ్యులేటర్‌లో. అది పీఎస్3 ఆటని మొదటిసారి తెరిచినప్పుడు ఆటలోని కోడ్ మొత్తాన్ని ఎల్ఎల్‌వీఎమ్ అనే టూల్‌తో కంపైల్ చేసుకుని, అంటే డెక్ ప్రాసెసర్ భాషలోకి మార్చుకుని, దాచుకుంటుంది. ఈ కంపైల్ 8 థ్రెడ్‌ల మీద ఒకేసారి నడుస్తుంది, ఒక్కో థ్రెడ్ ఒక పెద్ద మాడ్యూల్ పట్టుకుంటుంది, ఒక్కోటి ర్యామ్‌ని గబగబా తింటుంది. నేనేమో గ్రాఫిక్స్‌కి బాగుంటుందని బయోస్‌లో (మెషిన్ ఆన్ అవ్వగానే ముందు నడిచే ప్రోగ్రామ్) యూఎమ్ఏ బఫర్, అంటే ర్యామ్‌లోంచి గ్రాఫిక్స్‌కి విడిగా పక్కన పెట్టే భాగం, 4 జీబీకి పెట్టుకున్నా, అంటే సిస్టమ్‌కి మిగిలింది 12. పెద్ద ఆట ఏదైనా మొదటిసారి తెరిస్తే కంపైల్ 70, 80 శాతం దాకా వచ్చి మొత్తం స్తంభించిపోయేది, ఇంకాసేపటికి ఎమ్యులేటర్ దానంతట అదే మూసుకుపోయి హోమ్ స్క్రీన్‌కి వచ్చేసేది. మళ్ళీ మొదలెట్టు, మళ్ళీ 20 నిమిషాలు కూర్చో. మా తమ్ముడు సెలవుకి ఇంటికొచ్చింది మూడు రోజులైతే అందులో ఒక సాయంత్రం మొత్తం ఇలాగే పోయింది, ఆ రోజే అనుకున్నా దీని సంగతి తేల్చాలని.

అయితే మీరు నాలాగా చిప్‌ల దాకా పోయే ముందు పైసా ఖర్చు లేనివి చేసి చూడండి, దయచేసి. డెక్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన స్టీమ్ ఓఎస్‌లో నాకు మొదట్లో వచ్చిన స్వాప్ ఫైల్ (ర్యామ్ నిండితే ఎస్ఎస్‌డీ మీద వాడుకునే చోటు) 1 జీబీయే, దాన్ని 16 జీబీ చేసుకుంటే చాలా క్రాష్‌లు అక్కడే ఆగిపోతాయి. ఆర్‌పీసీఎస్3 సెట్టింగ్స్‌లో కంపైల్ థ్రెడ్‌ల సంఖ్య తగ్గించే ఆప్షన్ ఉంది, 8 బదులు 3 పెట్టండి, టైమ్ ఎక్కువ పడుతుంది కానీ పూర్తవుతుంది. యూఎమ్ఏని 4 నుంచి 1కి దించండి, వాల్యూమ్ ప్లస్ నొక్కి పట్టుకుని పవర్ నొక్కితే బయోస్‌లోకి వెళ్తారు. 1 జీబీ పెడితే గ్రాఫిక్స్‌కి ఒక్క జీబీయే అని కంగారు పడక్కర్లేదు, జీపీయూ అవసరాన్నిబట్టి మామూలు ర్యామ్‌లోంచి తీసుకుంటుంది. ఈ మూడింటితో నా ఇబ్బంది ముప్పావు వంతు తీరింది. మిగిలిన పావు వంతు కోసమే ఇదంతా చేశా. స్వాప్ మీద నడిచేటప్పుడు ఆట మధ్యలో ఒక్కోసారి అర సెకను, సెకను ఆగేది, అది నాకు అస్సలు పడదు.

ఇక అసలు పని. ఎస్ఎస్‌డీ మార్చినట్టు ఇది ఇంట్లో స్క్రూలు విప్పి చేసుకునేది కాదు. ర్యామ్ బోర్డ్ మీద సోల్డర్ చేసి ఉంటుంది, 4 జీబీవి నాలుగు చిప్‌లు, ఎల్‌పీడీడీఆర్5, ఒక్కో చిప్ కింద 315 బాల్స్ (సన్నటి సోల్డర్ గుండ్లు). ఆ నాలుగూ హాట్ ఎయిర్‌తో లేపి, ప్యాడ్‌లు శుభ్రం చేసి, 8 జీబీవి నాలుగు కూర్చోబెట్టాలి. సికింద్రాబాద్‌లో చిప్ లెవెల్ పని చేసే ఒకాయన్ని పట్టుకున్నా, ల్యాప్‌టాప్ బోర్డ్‌లు చేస్తాడు, డెక్ మాత్రం మొదటిసారి చూస్తున్నాడు. "అన్నా, చెయ్యగలవా?" అంటే "చిప్ చిప్పే సార్, పక్కనే ప్రాసెసర్ ఉంది కదా, దానికి వేడి తగలకుండా చూసుకోవాలి, అంతే" అన్నాడు. చిప్‌లకి తొమ్మిది వేలు, పనికి ఆరు వేలు అయింది నాకప్పుడు, ఇప్పుడు మెమరీ రేట్లు బాగా పెరిగాయి కాబట్టి ఆ లెక్క పట్టుకుని వెళ్ళకండి.

చిప్‌లు మారిస్తే సరిపోదు, బయోస్ కూడా మార్చాలి. మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ స్టిక్ మీద దాని వివరాలు చెప్పే చిన్న చిప్ ఒకటి ఉంటుంది, ఇక్కడ అది ఉండదు, ఆ వివరాలు బయోస్ లోపలే రాసి ఉంటాయి, వాటిని 32 జీబీకి సరిపోయేలా దిద్ది ప్రోగ్రామర్ అనే పరికరంతో మళ్ళీ ఎక్కించాలి. మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ నల్లగా ఉంది. నాకు చేతులు చల్లబడిపోయాయి. ఒక చిప్ సరిగ్గా కూర్చోలేదు, ఆయన దాన్ని మళ్ళీ తీసి రీబాల్ చేసి, అంటే కింద బాల్స్ కొత్తగా వేసి, పెట్టాడు, మర్నాడు సాయంత్రం 32 జీబీ చూపించింది. ఇంటికి తెచ్చి రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపా, ఒక్క ఎర్రర్ రాలేదు. ఈ టెస్ట్ చెయ్యకుండా మాత్రం షాపువాడికి పూర్తి డబ్బులు ఇవ్వకండి, సోల్డర్ సగం పట్టిన చిప్ రెండు రోజులు బాగానే నడిచి మూడో రోజు సేవ్ ఫైల్ పాడుచేస్తుంది.

తేడా ఏంటంటే, ఆర్‌పీసీఎస్3లో థ్రెడ్‌ల పరిమితి తీసేశా, 8 మీద కంపైల్ వదిలేసి టీ తాగి వచ్చేసరికి అయిపోయి ఉంటుంది, ఈ ఏడాదిన్నరలో కంపైల్ మధ్యలో మూసుకుపోవడం ఒక్కసారి కూడా జరగలేదు. డెమన్స్ సోల్స్ అనే పీఎస్3 ఆట మొత్తం దీని మీదే పూర్తి చేశా, ఆట మధ్యలో ఆ ఆగడాలు పోయాయి, ఆట ఆపి డెస్క్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి ఏదైనా చూసుకుని తిరిగొచ్చినా ఏం కాదు.

రెండో లాభం నేను ఊహించనిది, డాల్ఫిన్ అనే గేమ్‌క్యూబ్ ఎమ్యులేటర్‌లో టెక్స్చర్ ప్యాక్‌లు, అంటే ఆటలోని బొమ్మల్ని ఇంకా స్పష్టంగా చూపించే ఫైళ్ళు. జెల్డా ట్విలైట్ ప్రిన్సెస్‌కి 4కే ప్యాక్ ఒకటి ఉంది, చాలా జీబీలు. డాల్ఫిన్‌లో ఈ టెక్స్చర్‌లన్నిటినీ ముందే ర్యామ్‌లోకి లాగేసుకునే ఆప్షన్ ఉంటుంది, అది లేకపోతే కొత్త గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ చిన్న కుదుపు. ముందు 16 జీబీతో అది ఆన్ చేస్తే మధ్యలోనే నిండిపోయేది, ఇప్పుడు ఆన్ చేసి ఆడుతుంటే ఊరంతా తిరిగినా ఒక్క కుదుపు లేదు. ఈ ప్యాక్‌లు పీఎన్‌జీ, డీడీఎస్ అనే ఫైల్ రకాల్లో వస్తాయి, పీఎన్‌జీ ప్యాక్ బదులు డీడీఎస్ ప్యాక్ దొరికితే అదే వాడండి, డీడీఎస్ ర్యామ్‌లో కూడా కుదించే ఉంటుంది, పీఎన్‌జీ అయితే మొత్తం విప్పుకుని కూర్చుంటుంది. 16 జీబీ వాళ్ళకి ఈ ఒక్క మార్పుతోనే పని అయిపోవచ్చు.

ఏమీ మారనివి కూడా చెప్పాలి. పీఎస్2 ఎమ్యులేటర్ పీసీఎస్ఎక్స్2 ముందెలా ఉందో ఇప్పుడూ అంతే. పీఎస్పీ, డీఎస్, గేమ్ బాయ్ గురించి అడగనే వద్దు. గాడ్ ఆఫ్ వార్ 3, మెటల్ గేర్ సాలిడ్ 4 ముందు ఆడలేనంత నెమ్మది, ఇప్పుడూ ఆడలేనంత నెమ్మదే, కాకపోతే క్రాష్ అవ్వకుండా నెమ్మదిగా ఉంటాయి. వాటికి ఇంకా పెద్ద ప్రాసెసర్ కావాలి.

నష్టాలు: వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. స్లీప్‌లో రాత్రంతా పెడితే బ్యాటరీ ముందుకంటే ఒకటి రెండు శాతం ఎక్కువ దిగుతోంది, నా లెక్కలో. అన్నిటికంటే పెద్దది బయోస్ అప్‌డేట్. ఓఎస్‌తో పాటు కొత్త బయోస్ వస్తే అది మనం దిద్దినదాని మీద పడిపోతుంది, దాంట్లో 32 జీబీ వివరాలు ఉండవు. అందుకే జూపిటర్ బయోస్‌అప్‌డేట్ అనే సర్వీస్‌ని ఆపేసి ఉంచా, ఓఎస్ పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ రీస్టార్ట్ చేసే ముందు అది ఇంకా ఆగే ఉందా లేదా చూసుకుంటా.

పీఎస్2 దాకా ఆడేవాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు, ఆ డబ్బులతో పెద్ద ఎస్ఎస్‌డీ వేసుకోండి. పీఎస్3 ఆటలు బాగా ఆడతారు, ఫ్రీగా అయ్యేవన్నీ చేసి చూశారు, దగ్గర్లో నమ్మకమైన చిప్ లెవెల్ మనిషి ఉన్నాడు అంటే అప్పుడు వెళ్ళండి. వెళ్ళేముందు మీ డెక్‌లోని అసలు బయోస్‌ని చదివి ఫైల్‌గా తీయించుకోండి, ఇంకెవరిదో ఎక్కిస్తే మీ డెక్ సీరియల్ నంబర్ లాంటివి పోతాయి. నేను ఆ ఫైల్ ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మా తమ్ముడి దగ్గర ఒకటి పెట్టా.