చవక వెస్టర్న్ జీను: తొమ్మిదేళ్ళ వాడకం తర్వాత

తొమ్మిదేళ్ళ క్రితం సెట్‌గా కొన్న వెస్టర్న్, అంటే అమెరికా కౌబాయ్ తరహా గుర్రపు సామానులో ఇవాళ పూర్తిగా వాడకంలో ఉన్నది జీను ఒక్కటే. దాంతో వచ్చిన ప్యాడ్, అంటే జీను కింద వేసే మెత్త, ఏడాది తిరక్కుండానే పోయింది. జీనుని గుర్రం కడుపు కింద నుంచి బిగించే పట్టీ, సించ్, రెండో ఏడు పోయింది. కళ్ళెం బిట్‌ని, అంటే గుర్రం నోట్లో ఉండే లోహపు ముక్కని, నేనే విప్పేశాను, మళ్ళీ ఏ గుర్రం నోట్లోనూ పెట్టలేదు. సెట్ కొనడం తప్పని అనను. అందులో దేన్ని నమ్మొచ్చు, దేన్ని మొదటి రోజే మార్చేయాలి అన్నది అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నా రెండు గుర్రాలకీ చాలా బాధ తప్పేది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను రోపింగ్ (స్వారీ చేస్తూ పశువుల్ని తాడుతో పట్టడం) చేయను, పోటీలకి వెళ్ళను. వారానికి నాలుగు రోజులు, రోజుకి గంటో రెండు గంటలో స్వారీ, ఎక్కువగా మట్టిదారుల మీద. రాజా వయసు మీదపడిన మగ గుర్రం. మూపు ఎత్తుగా, ఒళ్ళు సన్నగా ఉంటుంది. చుక్క ఆడ గుర్రం. వెడల్పాటి వీపు, మూపు ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఈ ఇద్దరి వీపుల మధ్య తేడా ఎంత పెద్ద విషయమో నాకు ఆలస్యంగా తెలిసింది.

ముందు జీను. ఇది సింథటిక్. పైన కార్డురా గుడ్డ, కూర్చునే చోట స్వేడ్, లోపల ప్లాస్టిక్ అచ్చులో పోసిన ట్రీ. ట్రీ అంటే జీనుకి ఎముకల గూడు లాంటిది, మిగతాదంతా దాని మీదే కడతారు. సీటు 16 అంగుళాలు, బరువు 9 కిలోలు. తర్వాత కొన్న పాత తోలు జీను 16 కిలోలు తూగింది. ఈ ఏడు కిలోల తేడా నా భుజానికి ఎలాగూ తెలుస్తుంది, రాజాకి ఇంకా బాగా తెలుస్తుంది. మనిషి, సామాను కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదని పాత లెక్క ఒకటుంది. 2008లో అమెరికాలో ఒహాయోలోని పరిశోధకులు ఎనిమిది గుర్రాల మీద 15, 20, 25, 30 శాతం బరువులు పెట్టి చూశారు. 25, 30 శాతం దగ్గర గుండె వేగం, కండరాల నొప్పి బాగా పెరిగాయి. రాజా 430 కిలోలు, అంటే హద్దు 86. బూట్లతో కలిపి నేను 73, సింథటిక్ జీను 9, ప్యాడ్ కళ్ళెం కలిపి 3. మొత్తం 85. అదే తోలు జీను వేస్తే 92. అందుకే చవకది అన్న మాట పక్కన పెట్టినా రాజాకి నేను సింథటిక్ జీనే వేస్తాను.

తొమ్మిదేళ్ళలో ఇది వానలో తడిసింది, బురదలో పడింది. పైపుతో నీళ్ళు కొట్టి నీడలో ఆరబెడితే చాలు. నలుపు రంగు ఎండకి గోధుమ రంగులోకి తిరిగింది, దాని వల్ల ఇబ్బందేమీ లేదు. కుట్లు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. నాలుగో ఏడు కుడివైపు బిల్లెట్ దగ్గర దారం పోగులు లేస్తూ కనపడింది. సించ్‌ని జీనుకి పట్టి ఉంచేది ఆ పట్టీనే. అది తెగితే గుర్రం మీదున్న మనిషి జీనుతో సహా కింద పడతాడు. గుడ్డదాన్ని తీసేసి మందపాటి తోలు బిల్లెట్ వేయించాను. ఎడమవైపు సించ్‌ని బిగించే నైలాన్ పట్టీ, లాటిగోని కూడా అప్పుడే తోలుదిగా మార్చాను. ఈ రెండు మార్పులూ కొన్న రోజే చేసి ఉండాల్సింది. జీను ముందుండే కొమ్ము, హార్న్‌కి మాత్రం ఎప్పుడూ ఏమీ కట్టలేదు. ఇలాంటి తేలిక ట్రీ తాడు లాగుడుకి ఆగదు.

మోకాళ్ళ విషయంలోనూ సింథటిక్‌దే పైచేయి. దీని ఫెండర్లు, అంటే రికాబులు వేలాడే వెడల్పాటి పట్టీలు, మెత్తగా తిరుగుతాయి. తోలు జీనులో రికాబులు మొదట్లో గుర్రం పక్కటెముకలకి అంటుకుని ఉంటాయి, మనం పాదంతో తిప్పి పెట్టుకోవాలి. గంట స్వారీకే మోకాలు లాగేస్తుంది. దానికి మందు సులువే: ఫెండర్ల అడుగుభాగం బాగా తడిపి, రికాబుల్ని ముందుకి తిరిగేలా మెలిపెట్టి, రెండిట్లోంచి ఒక చీపురు కర్ర దూర్చి ఆరేదాకా వదిలేయాలి. వారం రోజులు రోజూ రాత్రి ఇలా చేశాను, దారికొచ్చాయి.

ఇక అసలు పాఠం చుక్క నేర్పింది. ఇదే జీను రాజాకి అతికినట్టు సరిపోయింది కాబట్టి చుక్కకీ సరిపోతుందనుకున్నాను. మొదటి నెల ఏమీ తెలియలేదు. తర్వాత సించ్ బిగించేటప్పుడు చెవులు వెనక్కి పెట్టడం, తోక విసరడం, నా మోచేతి వైపు తల తిప్పి పళ్ళు చూపించడం మొదలుపెట్టింది. మొండి గుర్రం అన్నారు చుట్టుపక్కల వాళ్ళు. నేనూ నమ్మాను. మందంగా ఉంటే బాగుంటుందని రెండో ప్యాడ్ కూడా వేశాను. అది మరీ పెద్ద పొరపాటు, ఇరుకుగా ఉన్న జీను కింద పొర చేరిస్తే ఇంకా ఇరుకవుతుంది. ఒక రోజు ఎండలో రెండు గంటలు తిరిగొచ్చి జీను తీస్తే, వీపంతా చెమటతో తడిసి ఉంది కానీ మూపుకి రెండువైపులా అరచేయంత మేర పొడిగా ఉంది. ఒత్తిడి మరీ ఎక్కువగా ఉన్నచోట చెమట పట్టదు. కొన్ని నెలలకి సరిగ్గా అక్కడే తెల్లవెంట్రుకలు వచ్చాయి. అవి ఇప్పటికీ ఉన్నాయి. జీను వేసిన ప్రతిసారీ నా కళ్ళు అక్కడికే వెళ్తాయి.

వెస్టర్న్ జీనుల్లో వీపు మీద ఆనే రెండు పొడవాటి భాగాల్ని బార్స్ అంటారు. క్వార్టర్ హార్స్ అన్నది ఒక అమెరికా గుర్రపు జాతి పేరు. సెమీ క్వార్టర్ హార్స్ బార్స్ అంటే వాటి మధ్య ముందు సందు సుమారు 6.5 అంగుళాలు, ఫుల్ క్వార్టర్ హార్స్ బార్స్ అంటే సుమారు 7. కానీ ఒక్కో తయారీదారు కొలత ఒక్కోలా ఉంటుంది కాబట్టి చీటీ మీది మాట నమ్మి కొనకూడదు. బార్స్ వాలు, వంపు కూడా గుర్రం వీపుతో కలవాలి. నేను ఇప్పుడు చేసేది ఇది: ప్యాడ్ లేకుండా జీనుని కొంచెం ముందుగా పెట్టి, తనంతట తాను కుదురుకునే చోటు దాకా వెనక్కి జరుపుతాను. బార్స్ ముందు కొన భుజం ఎముక వెనక ఉండాలి. ఆ కొన ఎముక మీదికి వస్తే గుర్రం ప్రతి అడుగుకీ భుజం నొక్కుకుపోతుంది. బరువు ఆనే భాగం చివరి పక్కటెముకని దాటి వెనక్కి పోకూడదు. తర్వాత బార్స్ కింద చెయ్యి దూర్చి ముందు నుంచి వెనకదాకా నడిపిస్తాను. చెయ్యి ఒకచోట బిగుసుకుని మధ్యలో వదులైతే ఆ జీను ఆ గుర్రానిది కాదు. అంతే, బేరం ఎంత బాగున్నా సరే.

చుక్క కోసం పాత తోలు జీను వెతికాను. మంచి ట్రీ ఉన్న పాత జీను, నాసిరకం కొత్తదాని కన్నా ఎన్నో రెట్లు నయమని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. ట్రీ విరిగిందో లేదో మాత్రం కొనేముందే చూసుకోవాలి. హార్న్ భాగాన్ని నేలకి ఆనించి, సీటు వెనక ఎత్తుగా ఉండే అంచు, కాంటిల్‌ని రెండు చేతులతో బలంగా అదిమి చూడండి. మధ్యలో వంగినా, లోపల కిర్రుమన్నా వదిలేయండి. నేను చూసిన మొదటి జీను మెరుగులు దిద్ది ఉంది, చెక్కడం పని చూస్తే కళ్ళు తిప్పుకోలేం, కానీ అదిమితే వేలెడంత వంగింది. అమ్మేవాళ్ళు అది మామూలే అన్నారు. మామూలు కాదు, విరిగిన ట్రీ వీపులోకి గుచ్చుకుంటుంది. తోలుని రిగ్గింగ్ (సించ్ పట్టీలు జీనుకి తగిలే చోటు) దగ్గర, లాటిగో దగ్గర మడిచి చూడాలి. మడత దగ్గర సన్నటి పగుళ్ళు కనపడితే ఎంత నూనె రాసినా బలం తిరిగి రాదు. మూడో జీను కుదిరింది. గ్లిజరిన్ సబ్బుతో మురికి వదిలించి, నీట్స్‌ఫుట్ నూనె పల్చగా రాశాను. ఎక్కువ రాస్తే తోలు మెత్తబడి సాగుతుంది, అది లాటిగోకి మంచిది కాదు.

సించ్, ప్యాడ్ గురించి చెప్పాలంటే, గుర్రం ఒంటిని తాకే చోట పొదుపు చేయకండి. సెట్‌తో వచ్చిన నియోప్రీన్ సించ్ కడగడానికి సులువే, కానీ వేసవిలో దాని కింద చర్మం ఉడికిపోయి రాజాకి ముందుకాలి వెనక పుళ్ళు లేచాయి. ఇప్పుడు ఇద్దరికీ నూరు శాతం మోహెయిర్ సించ్. అంగోరా మేకల వెంట్రుకతో పేనిన తాళ్ళు అవి, చెమట పీల్చుకుంటాయి, గాలి ఆడుతుంది. కలనేత నూలువి కొంటే బిరుసెక్కుతాయి. ప్యాడ్ ఒక అంగుళం మందం ఊలు ఫెల్ట్. ఆరేళ్ళుగా అదే. వేసేటప్పుడు మూపు మీద ప్యాడ్‌ని పైకి లాగి సొరంగంలా చేయాలి, లేకపోతే మూపు ఎముక మీద బిగుసుకుంటుంది.

ఇక మొదట్లో అన్న బిట్ సంగతి. సెట్ కళ్ళేనికి ఉన్నది మధ్యలో కీలు, పక్కన పొట్టి షాంకులు (పగ్గం కట్టడానికి కిందికి దిగే కడ్డీలు) ఉన్న టామ్ థంబ్ బిట్. కీలు ఉంది కాబట్టి దాన్ని స్నాఫిల్, అంటే మెత్తటి రకం బిట్, అని అమ్మారు, నేను మెత్తటిదే కదా అని వాడాను. స్నాఫిల్ అనడానికి కీలు కాదు గుర్తు. పగ్గం నేరుగా నోటి పక్క రింగుకి కట్టి ఉండాలి, మీట ఉండకూడదు. షాంకు ఉందంటే మీట ఉన్నట్టే, చేతిలో లాగిన బలం కొన్ని రెట్లై దవడ మీద, గడ్డం కింద, నడినెత్తి మీద పడుతుంది. పైగా కీలున్న షాంకు బిట్‌ని ఒక పగ్గంతో లాగితే అటు తిరగమంటున్నామో, తల దించమంటున్నామో గుర్రానికి అర్థం కాదు. రాజా ఆ బిట్‌తో అస్తమానం తల విదిలించేది, అందుకే. నున్నటి 5 అంగుళాల డీ రింగ్ స్నాఫిల్ వేశాక రెండు వారాల్లో సగం తగ్గింది. నోట్లో ఉండే భాగం స్వీట్ ఐరన్ అనే ఇనుముది, తుప్పు రంగు పడుతుంది, అది దాని స్వభావమే. పెచ్చులూడే పూత బిట్ల జోలికి మాత్రం పోకండి, పెచ్చు అంచు నాలుక కోస్తుంది.

మిగతా సగం తగ్గడానికి నా చేతులు మారాల్సి వచ్చింది. అమెరికా పశ్చిమ ప్రాంతపు పశువుల రాంచ్‌లలో టామ్ డోరెన్స్, రే హంట్ లాంటి గుర్రాల శిక్షకులు జీవితమంతా చూపించింది ఇదే: గుర్రం నేర్చుకునేది ఒత్తిడి వల్ల కాదు, ఒత్తిడి తీసేసిన క్షణం వల్ల. వెనక్కి ఒక్క అడుగు వేయమని పగ్గం పట్టుకుంటాను. బరువు వెనక్కి వాలిందని అనిపించగానే, అడుగు పడకముందే వదిలేస్తాను. నేను ఏళ్ళ తరబడి మూడు అడుగులు పడేదాకా లాగుతూనే ఉన్నాను. అంటే సరైన సమాధానం చెప్పిన గుర్రాన్ని శిక్షిస్తూనే ఉన్నానన్నమాట. కాలిఫోర్నియా వకేరోల (పశువులు కాసే రౌతుల) పద్ధతిలో గుర్రం ముందు బిట్ లేకుండా ముక్కు మీద పట్టీ ఉండే బోసాల్ హాకమోర్‌తో, తర్వాత ఆ పట్టీ, బిట్ రెండూ కలిపి వాడే టూ రీన్‌తో కొన్నేళ్ళు నడిచి ఆ తర్వాతే పూర్తి బిట్‌కి వస్తుంది. వాళ్ళకి బిట్ బ్రేకు కాదు, చివరగా వచ్చే మెత్తటి మాట. ఈ ఆలోచన తలకెక్కాక కొత్త బిట్‌లు కొనాలన్న కోరికే పోయింది.

చుక్క సించ్ భయం పోవడానికీ అదే దారి. జీను మారినా నొప్పి గుర్తుంది దానికి. రోజూ సించ్‌ని కడుపుకి ఆనించేదాన్ని, చెవి ఒక్కటి మెత్తబడేదాకా ఆగి తీసేసేదాన్ని. బిగించేదాన్నే కాదు. రెండు నెలలు పట్టింది. ఇప్పటికీ మూడు విడతలుగానే బిగిస్తాను: మొదట జీను జారకుండా ఉండేంత, నాలుగడుగులు నడిపించాక ఇంకో రంధ్రం, ఎక్కేముందు చివరిది. ఎక్కడానికి ఎప్పుడూ స్టూలే. నేలమీంచి ఎక్కితే జీను ఒకవైపుకి లాగబడి ట్రీ, వీపు రెండూ మెలి తిరుగుతాయి.

చిన్న విషయాలు కొన్ని. కళ్ళేనికి బిట్‌ని పట్టే చికాగో స్క్రూలు తెలియకుండానే వదులవుతాయి. మరపై ఒక చుక్క గోళ్ళ రంగు వేసి బిగిస్తే కదలవు. ఒకసారి దౌడులో నా స్క్రూ ఊడి బిట్ ఒక పక్కకి జారింది. రాజా మంచిది కాబట్టి గొంతు మాటకే ఆగింది. వెనక సించ్ వాడితే ముందుదానికి కలిపే పట్టీ తప్పనిసరి, లేకపోతే అది డొక్కలోకి జారి ఎంత సాధు గుర్రమైనా ఎగురుతుంది. తాడు హాల్టర్ (బిట్ లేని తాడు తలకట్టు) చేతిలో పట్టి నేర్పడానికి బాగుంటుంది కానీ దాంతో గుర్రాన్ని కట్టేసి వెళ్ళకండి. బెదిరి లాగితే అది తెగదు, ముడులు ముఖంలో దిగుతాయి.

నిన్న సాయంత్రం నెలవారీ తనిఖీ చేశాను. సింథటిక్ జీను కుట్లు బాగున్నాయి. తోలు జీను లాటిగోలో రెండు రంధ్రాలు సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చాయి. కొత్తది వచ్చేదాకా చుక్కకి సెలవు, రాజాతోనే తిరుగుతాను.