ఆన్‌లైన్ వేలంలో కొని అక్కడే అమ్మిన 1969 మస్టాంగ్: చెరగని పాత పేజీల మీద నా సమీక్ష

ఆన్‌లైన్ వేలంలో పాత అమెరికన్ మజిల్ కార్లు కొనడం, అమ్మడం గురించి రాసేవారు సాధారణంగా ఫీజు ఎంత, పాట ఎన్ని రోజులు నడుస్తుంది, డబ్బు ఎలా పంపాలి అన్న సంగతులతో మొదలుపెడతారు. అవన్నీ ఏ సైటు తెరిచినా తెలిసేవే కనుక వదిలేస్తున్నాను. టెక్సస్‌లో ఉంటూ కొన్నేళ్లుగా ఈ వేలాలను గమనిస్తూ, ఒక 1969 ఫోర్డ్ మస్టాంగ్ మాక్ 1ను (మస్టాంగ్‌లో స్పోర్ట్స్ రకం) ఇలాగే కొని, నడిపి, బాగు చేయించి, చివరికి అదే సైటులో అమ్మిన తరువాత నాకు చెప్పాలనిపించిన విషయం ఒక్కటే. పాట ముగిసిన కారు పేజీని ఈ సైట్లు తీసివేయవు. అమ్మిన మనిషి రాసిన వివరాలు, వందల కొద్దీ ఫొటోలు, పాడినవారు అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు, ఆఖరి ధర, అన్నీ ఏళ్లు గడిచినా ఎవరైనా చూడగలిగేలా అలాగే ఉంటాయి. కొనేటప్పుడు నాకు ఇంతకంటే మేలు చేసిన సౌకర్యం మరొకటి లేదు. అమ్మేటప్పటి మాట వేరు, దాని దగ్గరికి తరువాత వస్తాను.

ఈ కార్ల విషయంలో గతం తెలియడం అంత ముఖ్యం ఎందుకంటే, 1964లో పాంటియాక్ జీటీఓతో ఊపందుకుని 1970ల తొలి ఏళ్ల దాకా సాగిన ఈ తరం కార్లలో చాలా వాటికి పైరూపం మామూలు కార్లదే. అదే బాడీలో పెద్ద వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను పెట్టి, పట్టీలు, చిహ్నాలు వేసి కంపెనీలు వాటిని అమ్మాయి. కంపెనీ చేసిన ఆ పనిని తరువాత ఎవరి షెడ్డులో వాళ్లూ చేసుకోగలరు కాబట్టి, మామూలు కారు ఖరీదైన కారుగా మారిపోవడానికి నాలుగు విడిభాగాలు, మంచి పెయింటర్ ఉంటే చాలు. 1969లో ఫోర్డ్ 72,458 మాక్ 1లు తయారు చేసింది. నా కారు ఛాసిస్ నంబరు 9ఎఫ్02ఎమ్ అని మొదలయ్యేది. 9 అంటే 1969 మోడల్, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ, 02 అంటే ఫోర్డ్ స్పోర్ట్స్‌రూఫ్ అని పిలిచిన, వెనక్కి వాలిన కప్పున్న బాడీ, ఎమ్ అంటే నాలుగు బ్యారెళ్ల కార్బురేటర్‌తో 290 హార్స్‌పవర్ ఇచ్చే 351 క్యూబిక్ అంగుళాల ఇంజను. అయితే 02 అన్నది సాధారణ స్పోర్ట్స్‌రూఫ్ మస్టాంగ్‌కూ మాక్ 1కూ ఒకటే. మాక్ 1 అని చెప్పేది డ్రైవరు తలుపు మీది పలకలోని 63సి అన్న గుర్తు, ఆ పలకలనేమో కొత్తగా చేసి అమ్మేవాళ్లున్నారు. అందుకే ఫోర్డ్ ఉత్పత్తి రికార్డుల నుంచి తీసి ఇచ్చే మార్టీ రిపోర్టు లేకుండా ఎవరూ ఇలాంటి కారు మీద గట్టిగా పాడరు. నేను చూసిన కారుకు ఆ రిపోర్టు ఉంది, అందులో అన్నీ సరిపోయాయి. కానీ ఆ రిపోర్టు కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు వరకే చెబుతుంది. ఆ తరువాతి యాభై ఏళ్లలో ఎన్ని వానలు, ఎంత ఉప్పు, ఎవరి చేతి టింకరింగ్ అన్నది దానికి తెలియదు.

ఆ కారు ఒహాయోలో ఉంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రం అది, అక్కడి పాత కార్లలో పైన పటారం, లోన లొటారం అయినవి ఎక్కువే. ఫొటోలు బాగున్నాయి, కింది భాగమంతా నల్లటి పూతతో నిగనిగలాడుతోంది. ఛాసిస్ నంబరుతో వెతికితే అదే సైటులో అదే కారు కొన్నేళ్ల క్రితం అమ్ముడైన పేజీ దొరికింది. అప్పటి యజమాని నిజాయితీపరుడు అయి ఉండాలి, ముందు సీట్లు, కార్పెట్ తీసేసి ఫొటోలు తీశాడు. డ్రైవరు పాదాల దగ్గరి రేకు తుప్పు తిని, నేల కనిపించేంత చిల్లు పడి ఉంది. ఆ చిల్లు కంటే నన్ను ఆపింది దాని పై భాగం. పెడళ్ల వెనుక గోడ మీద, పై నుంచి కిందికి, గోధుమరంగు నీటి చారలు స్పష్టంగా ఉన్నాయి. కొత్త పేజీలో ఫ్లోర్ రేకులు మార్చామని రాశారు, అది నిజమే. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రం రాయలేదు.

ఆ కాలపు మస్టాంగ్‌లు వాడినవారికి ఇది తెలిసిన జబ్బు. ముందు అద్దానికి, బానెట్ వెనుక అంచుకు మధ్య జాలీలా ఉండే భాగాన్ని కౌల్ అంటారు. వాన నీరు ఆ జాలీలోంచి దిగి, లోపలి తొట్టిలాంటి రేకులో పడి, రెండు పక్కల నుంచీ బయటికి పోవాలి. ఆ తొట్టిలో ఆకులు, మట్టి చేరి తడి నిలిస్తే లోపలి గాలి గొట్టాల అంచులు తుప్పు పట్టి, నీరు నేరుగా డ్యాష్‌బోర్డు కిందికి కారుతుంది. పై రేకు, కింది రేకు స్పాట్ వెల్డింగ్‌తో అతికి ఉండటం వల్ల లోపల ఏముందో ఎంత మంచి కెమెరా అయినా చూపలేదు. ఫ్లోర్ మార్చి కౌల్‌ను వదిలేస్తే కొత్త రేకు కూడా కొన్నేళ్లకు అదే దారి పడుతుంది.

కౌల్ ఎప్పుడైనా విప్పారా అని పేజీలోనే అడిగాను. తన దగ్గర ఉన్నంత కాలం విప్పలేదని అమ్మకందారు జవాబిచ్చాడు. మిషిగన్ దక్షిణ భాగంలో ఉండే మా బావగారు కారు బాడీ రేకులను ఒత్తే డైల (అచ్చుల) పనిలో ఏళ్లుగా ఉన్న మనిషి. ఆయన ఒక ఆదివారం సరిహద్దు దాటి వెళ్లి, అనుమతి తీసుకుని, డ్యాష్‌బోర్డు కింద పడుకుని టార్చి వేసి చూసి, హీటర్ పెట్టె పైన తుప్పు పొడి సన్నగా పేరుకుని ఉందని, వేలు పెడితే అంటుకుంటోందని ఫోనులో చెప్పారు. పాత పేజీ ఎక్కడ చూడాలో చెప్పకపోతే ఆయన కూడా అందరిలాగే కింది భాగం, ఇంజను చూసి వచ్చేవారు.

ఆ మరమ్మతుకు ఎంత అవుతుందో ఇక్కడి షెడ్డులో కనుక్కుని, ఆ మొత్తాన్ని నా గరిష్ఠ ధర నుంచి తీసేసి పాడాను. ఆఖరి రెండు నిమిషాల్లో ఎవరు పెంచినా గడియారం మళ్లీ రెండు నిమిషాలకు వెళ్లే పద్ధతి వల్ల, చివరి క్షణంలో ఎవరో దూరి ఎగరేసుకుపోయే భయం లేదు, ఎవరి లెక్క వారు నిదానంగా చూసుకోవచ్చు. నా పరిమితి దాటకముందే అవతలి వ్యక్తి ఆగిపోయాడు. నలభై వేల డాలర్లకు కాస్త పైన కారు నాదైంది. ఇంటికి వచ్చాక జాలీలో నెమ్మదిగా నీళ్లు పోసి చూస్తే, క్లచ్ పెడల్ పక్కన చుక్కలు చుక్కలుగా పడ్డాయి. ఆ నీటిని చూసి కలవరపడకుండా ఉండగలిగానంటే కారణం ఆ పాత పేజీయే.

మరమ్మతు పెద్ద పనే అయింది. ముందు అద్దం తీసి, పై రేకు మీది స్పాట్ వెల్డులను ఒక్కొక్కటిగా డ్రిల్లు చేసి లేపి, కింది తొట్టికి కొత్త రేకు అతికి, సీలర్ పూసి, తిరిగి వెల్డు చేసి, ఆ భాగమంతా పెయింటు వేశారు. ఖర్చు పది వేల డాలర్లు దాటింది. ప్రతి దశనూ ఫొటో తీయించి, బిల్లులు దాచాను. ఆ తరువాత కారు నన్ను ఎక్కడా నిలబెట్టలేదు. వాన రోజున కార్పెట్ తడిమి చూస్తే పొడిగా ఉండటంలోని తృప్తి ఈ కార్లు ఉన్నవారికే అర్థమవుతుంది.

అమ్మే సమయం వచ్చినప్పుడు అదే సైటులో పెట్టాను. నేను తీసిన ఫొటోలు, బిల్లులు, నీళ్లు పోసి పరీక్షించిన వీడియో అన్నీ ఇచ్చాను. పేజీ తెరుచుకున్న రోజే ఎవరో రెండు పాత పేజీలనూ వెలికి తీశారు. మొదటి దానిలోని చిల్లు, నీటి చారలు మళ్లీ చర్చకు వచ్చాయి. అది న్యాయమే, నేనూ ఆ ఫొటోలు చూసే కొన్నాను, ఆ ప్రశ్నలకు జవాబులు నా దగ్గర ఉన్నాయి. నన్ను బాధ పెట్టింది రెండో పేజీ. నేను ఎంతకు కొన్నానో ఆ పేజీ తలమీదే రాసి ఉంటుంది. పాడేవారందరి కళ్లూ ఆ అంకె మీదే నిలిచాయి. కౌల్‌కు పెట్టిన డబ్బు, మార్చిన బ్రేకులు, బాగు చేయించిన కార్బురేటర్ ఆ అంకెలో లేవు, అవి ఫొటోల వరుసలో చివరెక్కడో బిల్లులుగా ఉన్నాయి. కొన్న ధర చేరేవరకు పాట చకచకా నడిచింది, అక్కడికి రాగానే నత్తనడక పట్టింది. అంతకంటే ఎక్కువ ఇస్తే నాకు లాభం కట్టబెట్టినట్టు అవుతుందన్న భావన కొందరి మాటల్లోనే కనిపించింది. కుళ్లిన కౌల్ ఉన్న కారు, బాగుపడిన కౌల్ ఉన్న కారు వాళ్ల లెక్కలో ఒకే ధర పలకడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కనీస ధర అందకపోతే కారు వెనక్కి తెచ్చుకోవచ్చు కదా అని అడగవచ్చు. తెచ్చుకుంటే ఆ విఫలమైన పాట కూడా మరో పేజీగా మిగులుతుంది. తరువాత ఎవరికి అమ్మబోయినా, ఇక్కడ ఇంతకు మించి ఎవరూ పాడలేదన్న రుజువు వాళ్ల చేతిలో ఉంటుంది. అందుకే ఆఖరి రోజున కనీస ధర తీసివేశాను. కొన్న దానికంటే కొద్దిగా పైన అమ్ముడైంది, మరమ్మతు డబ్బులో ఎక్కువ భాగం తిరిగి రాలేదు. 2021, 2022లలో ఎగసిన ధరలు ఆ తరువాత చల్లబడటం కూడా ఇందులో కొంత పని చేసి ఉంటుంది, మొత్తం నింద పాత పేజీ మీద వేయలేను. కొన్న వ్యక్తి మాత్రం మంచి కారు దక్కించుకున్నాడు, నేను తీయించిన ఫొటోలు ఇప్పుడు ఆ కారుకు మూడో పేజీలో ఉన్నాయి.

కాబట్టి పైన నేను మెచ్చుకున్న మాటల్ని కొంచెం సవరించాలి. పాత పేజీ కొనేవారికి గొప్ప ఆసరాయే, కానీ అప్పటి యజమాని ఏ ఫొటోలు పెట్టాలనుకున్నాడో అవే అందులో ఉంటాయి. నాకు దొరికిన కార్పెట్ కింది ఫొటో అందరికీ దొరకదు. చాలా కార్లు మధ్యలో నోటిమాట మీద చేతులు మారతాయి, ఆ ఏళ్ల సంగతి ఏ పేజీలోనూ ఉండదు. ఇక ఫోర్డ్‌కు ఉన్నట్టు ఉత్పత్తి రికార్డులు అందరికీ లేవు. ఉదాహరణకు షెవర్లే కంపెనీ షెవెల్‌లో 1969 నుంచి ఎస్.ఎస్. (సూపర్ స్పోర్ట్) అన్నది అదనంగా ఎంచుకునే ప్యాకేజీ మాత్రమే కనుక ఛాసిస్ నంబరు దాని గురించి ఏమీ చెప్పదు. అలాంటి కారుకు మార్టీ రిపోర్టు వంటిది ఉండదు, ఫ్యాక్టరీలో సీటు స్ప్రింగుల్లోనో మరెక్కడో ఉండిపోయిన బిల్డ్ షీటు (ఆ కారుకు ఏమేం బిగించాలో రాసిన కాగితం) బయటపడితే అదృష్టం. అక్కడ పాత ఫొటోల అవసరం ఇంకా ఎక్కువ.

నాకు ఇంటి గ్యారేజీ ఉంది, పక్క ఊళ్లో నమ్మదగిన టింకరింగ్ మనిషి ఉన్నాడు, ఒహాయో దగ్గర వెళ్లి చూసే బావగారు ఉన్నారు. ఈ మూడూ లేనివారు, కారు చూడకుండా కొనేవారు నా అనుభవాన్ని అలాగే తమకు వర్తింపజేసుకోవద్దని మనవి. కొనడానికైతే నేను మళ్లీ ఈ వేలాలకే వెళతాను, ఇప్పుడు ఒక 1970 షెవెల్ పాత పేజీలు చదువుతున్నాను కూడా. అది నాదై, ఎప్పుడైనా అమ్మవలసి వస్తే, మరమ్మతులకు డబ్బు పోసి ఉంటే దాన్ని మాత్రం ముందుగా తెలిసినవారికి, క్లబ్బువారికి నేరుగా చూపించి, వారు కాదన్నాకే వేలానికి పెడతాను.