రీసేల్ ఫ్లాట్ చూడబోతున్నారా? కొత్త రంగు, కొత్త సీలింగ్ కనిపిస్తే ఆగండి

హైదరాబాద్‌లో మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి వైపు పాత అపార్ట్‌మెంట్లలో మొదటి ఇల్లు కొనాలని తిరుగుతున్నవారికి ఈ జాగ్రత్త. పై అంతస్తు ఫ్లాటు, చుట్టుపక్కల ధర కన్నా ఐదారు లక్షలు తక్కువ, 'ఓనరు అమెరికాలో ఉన్నారు, వెంటనే తేల్చాలి' అన్న మాట. ఈ మూడూ ఒకచోట కలిస్తే టోకెన్ (అడ్వాన్సు) ఇవ్వకముందే ఇది చదవండి.

మాకు చూపించింది రెండు పడకగదుల ఫ్లాటు. ఆదివారం మధ్యాహ్నం రమ్మన్నారు. వెళ్లేసరికి లైట్లన్నీ వేసి, కిటికీలన్నీ తెరిచి ఉంచారు. గోడల రంగు వాసన ఇంకా పోలేదు. హాల్లోనూ పెద్ద పడకగదిలోనూ మాత్రం ఫాల్స్ సీలింగ్ ఉంది, మిగతా చోట్ల లేదు. అమ్మేయబోయే ఇంటికి ఇంత ఖర్చు ఎందుకు పెట్టారని అడిగితే 'అందం కోసం సార్' అన్నాడు ఏజెంటు. ఇంకో పార్టీ సాయంత్రం చెక్కు తెస్తోందని కూడా అన్నాడు. టోకెన్‌గా రెండు లక్షలు అడిగారు. పత్రాల్లో తేడా ఉంటే తిరిగి ఇవ్వాలని ఫోన్‌లో మెసేజ్ పెట్టి, ఏజెంటు 'సరే' అన్నాక యాభై వేలు ఇచ్చాం.

తరువాత వైరింగు చూడాలని చెప్పి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను తీసుకువెళ్లాం. పడకగది సీలింగులోని ఒక లైటు ఊడదీసి, ఆ కంతలోంచి ఫోన్ టార్చి వేసి చూశాడు. స్లాబు అడుగున పెచ్చులు ఊడి రెండు మూడు చోట్ల ఇనుప కడ్డీలు బయటికి కనిపిస్తున్నాయి, ఎర్రగా తుప్పు పట్టి. జిప్సం పలక మీద రంగు డబ్బా మూత ఒకటి బోర్లా కాకుండా సరిగ్గా చుక్క పడేచోట పెట్టి ఉంది. అందులో ఎండిపోయిన తుప్పునీటి మరక. అంటే సీలింగు బిగించినవాళ్లకు నీళ్లు కారుతున్నాయని తెలుసు. ఆపించే ఖర్చు తప్పించుకుని దాచే ఖర్చు పెట్టారు.

దీన్ని 'కొంచెం చెమ్మ' అని తీసిపారేయకండి. కడ్డీ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును ఊడదోస్తుంది. పుట్టీతో, రంగుతో ఆగేది కాదు. పైన డాబా మొత్తానికి వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. ఆ డాబా ఏమో అందరిదీ. కింది అంతస్తులవాళ్లు 'మాకు కారడం లేదు కదా' అంటే ఆ ఖర్చు మీ ఒక్కరి నెత్తినే పడుతుంది.

కాబట్టి ఇల్లు అమ్మేవాళ్లు చెప్పిన వేళకు కాకుండా మీకు వీలైన వేళకు చూడండి. వానాకాలమైతే గట్టి వాన పడిన మర్నాడు వెళ్లండి. వేసవి అయితే డాబా ఎక్కి చూడండి: నీళ్లు నిలిచిన చోట నల్లటి చారలు, ఎండిన నాచు మిగిలి ఉంటాయి. గది మూలల్లో, కిటికీ కింద, నేల పట్టీకి జానెడు పైన పుట్టీ పొంగిందేమో, తెల్లటి ఉప్పులాంటి పొడి రాలుతోందేమో గమనించండి. బయటి గోడకు ఆనించి చేసిన అల్మరా తలుపు తెరిచి వెనక చెక్క మీద అరచెయ్యి పెట్టండి. రంగు వేసేవాళ్లు అక్కడిదాకా వెళ్లరు. బాత్‌రూములో బకెట్ నీళ్లు కుమ్మరించి, నీళ్లు జాలీ వైపు పోతున్నాయా, గుమ్మం వైపు వస్తున్నాయా చూడండి. ఆ బాత్‌రూముల అడుగు కింది ఫ్లాటువాళ్ల పైకప్పు. వాళ్లను మర్యాదగా అడిగితే చూపిస్తారు, అడగనివి కూడా చెబుతారు. కొళాయిలన్నీ ఒకేసారి తిప్పి, ఫ్లష్ కూడా నొక్కండి. పై అంతస్తులో నీటి ధాటి అప్పుడు తెలుస్తుంది. టైల్స్ మీద రూపాయి బిళ్లతో తట్టితే బోలు చప్పుడు వచ్చే చోట కింద సిమెంటు పట్టలేదని అర్థం.

నీళ్లకు కొదవ లేదని ప్రతి ఏజెంటూ అంటాడు. అసోసియేషన్‌వాళ్లను ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లులు అడగండి. పార్కింగ్ రాత్రి ఎనిమిది తరువాత చూడండి, అందరి కార్లూ వచ్చి ఉంటాయి. మాకు పగలు చూపించిన విశాలమైన చోటు రాత్రి వెళితే రెండు కార్ల మధ్య స్కూటర్ పట్టేంత సందు.

ఇక గోడల కన్నా పెద్ద మోసం కాగితాల్లో ఉంది. బ్యాంకు లాయరు శాంక్షన్ ప్లాను, అంటే మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాను, తెమ్మన్నారు. ఏజెంటు సేల్ డీడ్, ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు పంపాడు, 'ఇన్ని ఉన్నాక ప్లాను ఎందుకు సార్' అంటూ. చివరికి అసోసియేషన్ ద్వారా ప్లాను సంపాదిస్తే అందులో ఉన్నది స్టిల్టు (కింద పార్కింగ్‌కు వదిలిన అంతస్తు), దానిపైన నాలుగు అంతస్తులు. మాకు అమ్మబోతున్నది ఐదో అంతస్తు!

ఇక్కడే చాలామంది పొరబడతారు. రిజిస్ట్రేషన్ అయింది కాబట్టి, పన్ను కడుతున్నారు కాబట్టి అంతా సక్రమమే అనుకుంటారు. అనుమతి లేని కట్టడానికీ మున్సిపాలిటీ పన్ను వసూలు చేస్తుంది, పైగా జరిమానా కూడా కలుపుతుంది. పన్ను కట్టినంత మాత్రాన అది సక్రమ నిర్మాణం అయిపోదు. రసీదులో అనధికార నిర్మాణం పేరుతో జరిమానా గడి ఉంటే అందులో అంకె ఏమిటో చూడండి. ఓసీ, అంటే ఇంట్లో ఉండటానికి మున్సిపాలిటీ ఇచ్చే ధ్రువపత్రం, అడగండి. ఓసీ చూశాకే బ్యాంకులు భవనాల మీద అప్పు ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఈరోజు మీకు లోను ఇచ్చే సంస్థ ఏదో దొరికినా, రేపు మీరు అమ్మేటప్పుడు మీ దగ్గర కొనేవారికి దొరకాలి కదా.

సేల్ డీడ్‌లో చివరి పేజీల దాకా చదివితే ఇంకో గుట్టు బయటపడింది: స్థలంలో అవిభాజ్య వాటా, అంటే భవనం ఉన్న నేలలో ఈ ఫ్లాటుకు వచ్చే భాగం. అదే కొలత ఉన్న కింది ఫ్లాట్లకు 40 గజాలు రాసి ఉంటే దీనికి 18 గజాలే. లేని అంతస్తుకు భూమి ఎక్కడినుంచి తెస్తారు? అన్ని ఫ్లాట్ల వాటాలూ కూడితే మొత్తం స్థలం రావాలి. ఈ కూడిక ఎవరైనా చేయవచ్చు, కానీ 'ఎన్ని చదరపు అడుగులు' అని మాత్రమే అడిగేవాళ్లే ఎక్కువ.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం, మీరే తీసుకోండి, వాళ్లు ఇచ్చిన జిరాక్సు నమ్మకండి. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి వివరాలు కనిపిస్తాయి. అయితే అందులో వచ్చేవి రిజిస్టరైన లావాదేవీలే. కోర్టు కేసులు, తెల్లకాగితం మీద రాసుకున్న అగ్రిమెంట్లు రావు. చెరువు దగ్గరి ఇల్లయితే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే మేర), బఫర్ (దాని చుట్టూ కట్టడాలు కూడని చోటు) హద్దులు చూడకుండా అడుగు ముందుకు వేయవద్దు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఓనరు విదేశంలో ఉన్నారంటే మరో రెండు చిక్కులు. ఒకటి, జీపీఏ, అంటే ఓనరు తరఫున అమ్మే అధికారం ఇచ్చే పత్రం. అది విదేశంలో రాసిందైతే ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించి ఉండాలి. అసలు పత్రం చూడండి, ఓనరుతో వీడియో కాల్‌లో మాట్లాడించమనండి. రెండోది పన్ను. ఇక్కడ నివసించేవారి దగ్గర 50 లక్షలు, ఆపైన పెట్టి కొంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికి ఇచ్చే డబ్బులోంచి ముందే మినహాయించే పన్ను) పట్టుకుని కట్టాలి. ఎన్నారై అమ్మితే ఆ 50 లక్షల హద్దూ ఉండదు, ఆ 1 శాతం లెక్కా ఉండదు. పట్టాల్సింది చాలా ఎక్కువ. మీరు పట్టకపోతే నోటీసు వచ్చేది మీకే. మా ఏజెంటు మాత్రం చల్లగా '1 శాతం పట్టుకోండి చాలు' అన్నాడు. ఆడిటర్‌ను అడిగేదాకా ఆ సంగతి తెలియలేదు.

కొత్త ఫ్లాటు చూసేవారికి ఒక్క మాట. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేని 'ప్రీ లాంచ్'లో ఎంత తగ్గింపు ఇచ్చినా డబ్బు పెట్టకండి. రెరా చట్టం ప్రకారం రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే చోటు, ఎంతో రాతలో ఉండాలి. స్వాధీనం చేశాక 5 ఏళ్లలోగా నిర్మాణ లోపాలు బయటపడితే సరిచేసే బాధ్యత బిల్డరుదే. రీసేల్‌లో ఈ రక్షణ చాలావరకు ఉండదు కాబట్టే నేను ఇంత పొడుగు రాస్తున్నాను.

మా టోకెన్ ఇంకా రాలేదు. ఆ మెసేజ్, లాయరు అభిప్రాయం జతచేసి నోటీసు పంపించాం. నోటీసు అందాక ఏజెంటు ఫోన్ చేసి, 'మీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే పంపండి సార్, వాళ్ల అడ్వాన్సు రాగానే మీది ఇచ్చేస్తాం' అన్నాడు.