ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో ఫ్యామిలీ డాక్టర్ దొరుకుతారా? ఏడేళ్లు వాడాక నా మాట

ఈఎస్‌ఐ అంటే జీతంలో కొంత కట్ చేసుకుని ఉద్యోగికి, ఇంట్లోవాళ్లకు వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా, డిస్పెన్సరీ అంటే దాని చిన్న ఆసుపత్రి. మా కంపెనీలో ఎవరిని కదిపినా ఒకటే మాట, "ఈఎస్‌ఐకి ఎవరు పోతారు బాసూ, సగం రోజు అక్కడే పోతుంది." నేనూ మొదటి ఏడాది అదే పాట పాడాను. 2018లో హైదరాబాద్ బాలానగర్‌లో స్టోర్స్ పనికి చేరినప్పుడు నా జీతం 13,000, అందులో 1.75 శాతం లెక్కన నెలకు 228 రూపాయలు ఈఎస్‌ఐకి పోయేవి. 2019 జూలై నుంచి దాన్ని 0.75కి తగ్గించారు కాబట్టి తర్వాత పెద్దగా తెలియలేదు. అయినా అమ్మకు షుగరు, బీపీ మాత్రలు వీధి చివర మెడికల్ షాపులోనే కొనేవాళ్లం, జ్వరమొస్తే పక్క క్లినిక్‌లో ఫీజు కట్టేవాళ్లం. ఆరోగ్యశ్రీ ఆపరేషన్ దాకా వస్తే ఆదుకుంటుందేమో గానీ నెలనెలా షుగరు మాత్రలకు పనికిరాదు కదా.

అసలు తప్పు ఎక్కడ జరిగిందంటే, నా పేరు ఎక్కించేటప్పుడు మా హెచ్‌ఆర్ అతను డిస్పెన్సరీ గడిలో కంపెనీకి దగ్గరున్నది కొట్టేశాడు. మా ఇంటి నుంచి రెండు బస్సులు మారాలి. నాలుగుసార్లు వెళితే నలుగురు డాక్టర్లు కనిపించారు, ఒక్కరూ తల ఎత్తలేదు, పాత చీటీ చూసి అవే మందులు మళ్లీ రాసి పంపించారు. కార్డు చెల్లింది, మందులూ ఇచ్చారు, కానీ దాన్ని వైద్యం అనాలో రేషను అనాలో అర్థం కాలేదు. చేరేటప్పుడే ఇంటికి దగ్గరి డిస్పెన్సరీ రాయించుకోండి, ఈ మొత్తం వ్యవహారంలో మన చేతిలో ఉన్నది ఆ ఒక్కటే. నేను ఆలస్యంగా హెచ్‌ఆర్ వెంటపడి మార్పించుకున్నాను. ముంబై, కోల్‌కతా లాంటి చోట్ల ప్యానెల్లో ఉన్న ప్రైవేటు డాక్టర్ క్లినిక్‌కే వెళ్లొచ్చట, మనకు మాత్రం డిస్పెన్సరీయే గతి.

అమ్మ పేరు కూడా అప్పుడే ఎక్కించాను. తల్లిదండ్రుల ఆదాయం నెలకు 9,000 దాటకూడదు, అమ్మకు వచ్చేది ఆసరా పింఛను 2,016 మాత్రమే, ఇబ్బంది రాలేదు.

కొత్త డిస్పెన్సరీ అద్దె బిల్డింగులో, మేడ మీద. మోకాళ్ల నొప్పులున్న వాళ్లను మెట్లెక్కించి మోకాళ్లకు మందివ్వడం ఎవరి తెలివో గానీ, పైన కూర్చున్న డాక్టర్ మేడమ్ కోసం అమ్మ ఆ మెట్లు ఏడేళ్లూ ఎక్కింది. మొదటిసారే "ఇంతకుముందు ఏం వాడావమ్మా, పాత చీటీలు ఉన్నాయా" అని అడిగారు. అమ్మ చీటీలన్నీ మందుల డబ్బాలో కుక్కి పెట్టే మనిషి, గుట్టంతా టేబుల్ మీద పోసింది, ఆవిడ విసుక్కోకుండా ఒక్కొక్కటీ విప్పి చూశారు. అప్పటికే బయట ముప్పై మంది లైన్లో ఉన్నారు, నాకే సిగ్గేసింది.

2021లో అమ్మకు చీలమండలు వాచాయి. డిస్పెన్సరీలో మేడమ్ సెలవులో ఉన్నారని బయట ఒక క్లినిక్‌కి తీసుకెళితే నీరు పోయే మాత్ర ఇచ్చి, కిడ్నీ, గుండె పరీక్షలన్నీ రాశారు. రాత్రికి నాలుగుసార్లు లేవడం తప్ప వాపు తగ్గలేదు. మేడమ్ వచ్చాక చూపించాం. బొటనవేలితో చీలమండ మీద నొక్కి పట్టి వదిలారు, గుంట అలాగే ఉండిపోయింది. తర్వాత తన రిజిస్టర్ తిప్పి, "మధ్యలో బీపీ మాత్ర ఎవరైనా పెంచారా" అన్నారు. పెంచారు. మూడు నెలల కింద, ఇదే డిస్పెన్సరీలో వేరే డాక్టర్, ఆమ్లోడిపిన్ అయిదు నుంచి పదికి. ఆ మాత్ర కొందరికి కాళ్లు వాపు తెస్తుందట. సనత్‌నగర్ ఈఎస్‌ఐ పెద్దాసుపత్రికి రాసిచ్చారు, ఎకో తీయించుకుని గుండె బాగానే ఉందని తేలాక మాత్ర మార్చారు. రెండు వారాల్లో వాపు దిగింది, అమ్మ చెప్పులు మళ్లీ పట్టాయి. పెద్ద చదువేమీ కాదు ఇది, కానీ మూడు నెలల కింద ఏం మారిందో అడగాలంటే మనిషి గుర్తుండాలి కదా.

చిరాకులు లేవా అంటే బోలెడు. సోమవారం పొద్దున వెళితే ఆ రోజు మీది కాదు. స్టాక్ లేదంటారు, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా ఒకసారి పదిరోజులు లేదు, బయట కొన్నాం. ఫార్మసీ అతనితో మంచిగా ఉంటే స్టాక్ ఎప్పుడొస్తుందో చెబుతాడు, ఫోన్ చేసి వెళ్లడం నయం. రెఫరల్ లెటర్ పట్టుకుని ఈఎస్‌ఐతో ఒప్పందం ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళితే కౌంటర్లో "ఈఎస్‌ఐ బెడ్లు ఖాళీ లేవు, క్యాష్ అయితే ఇప్పుడే చేర్చుకుంటాం" అన్నారు. ఆ మాట విన్నాక ఒళ్లు మండిపోయింది.

నాకు టైఫాయిడ్ వచ్చి పన్నెండు రోజులు పడుకున్నప్పుడు మేడమ్ ఇచ్చిన సర్టిఫికెట్‌తో జీతంలో 70 శాతం లెక్కన డబ్బు అకౌంట్లో పడింది. మొదటి రెండు రోజులకు మాత్రం రాదు.

ఇప్పుడు అసలు కష్టం. 2025 మేలో నా జీతం 20,400 నుంచి 22,200 అయింది. జీతం 21,000 దాటితే ఈఎస్‌ఐ ఉండదు, ఆ పరిమితి 2017 జనవరిలో పెట్టింది. సెప్టెంబర్ దాకా ఈఎస్‌ఐకి కట్ చేశారు, ఆ కట్టినదానికి 2026 జూన్ 30 వరకే వైద్యం. "పద్దెనిమిది వందలు పెంచి డాక్టరమ్మను లాక్కున్నారా" అంది అమ్మ. నాకు నవ్వొచ్చింది గానీ మందుల ఖర్చు లెక్కేస్తే ఆవిడదే కరెక్ట్.

విషయం చెబితే మేడమ్ ఒక తెల్లకాగితం తీసుకుని అమ్మ వాడే మందులు, ఎప్పటి నుంచి, ఏ మోతాదు, అన్నీ వరుసగా రాసి, కింద "ఆమ్లోడిపిన్ పడదు" అని రాసి రెండు గీతలు గీశారు. అమ్మ దాన్ని కార్డు కవర్లో మడిచి పెట్టుకుంది. ఈలోగా నేను ఇద్దరు బయటి డాక్టర్ల దగ్గరికి వెళ్లి చూపించాను. ఒకరు కాగితం తిరగేసి పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి టెస్టులు రాశారు, రెండోవారు అసలు చేతిలోకే తీసుకోలేదు. వచ్చే ఆదివారం మూడోవారి దగ్గరికి వెళుతున్నాం.