హోండా సిటీ వీటెక్ 2001: పదిహేనేళ్ళు వాడినవాడి మాట

పాత సిటీ 1.5 వీటెక్‌ల (వేగం పెరిగాక వాల్వులు ఇంకా ఎక్కువ తెరుచుకునే హోండా ఇంజన్ ఉన్నవి) రేట్లు ఎక్కుతున్నాయట, కొని పెట్టుకుంటే లాభమేనా అని ఈమధ్య అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నా దగ్గరున్నది 2001 మోడల్. 2010లో నెల్లూరులోనే, ఒక డాక్టరు గారి చేతి నుంచి 1.9 లక్షలకి తీసుకున్నాను. ఆ తర్వాత ఇంట్లోకి వేరే బండ్లు వచ్చాయి, పోయాయి, ఇది మాత్రం ఇల్లు వదిలి పోలేదు. రేటు పెరిగిన మాట నిజమే. ఆ పెరిగింది నా జేబులోకి ఎంత వచ్చిందో కింద లెక్క చెప్తాను.

ముందు బండి సంగతి. సిటీ మన దేశంలోకి 1998లో వచ్చింది. 2000లో దానికి 106 హార్స్‌పవర్ల వీటెక్ ఇంజన్ పెట్టారు. బండి బరువు టన్ను అటూ ఇటూ. ఏడెనిమిది లక్షల సెడాన్‌లో అంత హుషారు అప్పట్లో అరుదు. ఐదు వేల ఆర్పీఎం దాకా బుద్ధిగా ఉంటుంది, అది దాటగానే గొంతు మారి ఏడు వేల దగ్గరికి ఒక్క ఊపున పోతుంది. కావలి హైవే మీద ఇప్పటి టర్బో కార్లు దీన్ని సులువుగా దాటేస్తాయి, అందులో వాదన లేదు. అయినా రెండో గేరు చివరిదాకా లాగి మూడోది వేసినప్పటి ఆ ఊపు నాకు ఇంకే బండిలోనూ దొరకలేదు. స్టీరింగ్ తేలిక, గేర్లు వెన్నలా పడతాయి. ఇబ్బందల్లా ఎత్తు తక్కువ కావడమే. నలుగురు ఎక్కితే ఇందుకూరుపేట రోడ్డులో ప్రతి స్పీడ్‌బ్రేకరూ కింద గీరుతుంది. మా మామయ్య వెనక సీట్లో ఎక్కితే నేను దారే మార్చుకుంటాను.

దీని మీద మోజు నిలవడానికి అసలు కారణం దీని తర్వాత వచ్చిన బండి. 2003లో సిటీ రూపు మార్చుకుని వచ్చినప్పుడు మైలేజీ కోసం 77 హార్స్‌పవర్ల ఇంజన్‌తో వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ వీటెక్ పెట్టారు గానీ, ఈ బక్కపలచని శరీరం తిరిగి రాలేదు. పాతదాన్ని మించింది రానప్పుడే జనం పాతదాన్ని వెతుక్కుంటారు. దానికి తోడు ఉన్నవాటిలో చాలా భాగం మిగల్లేదు. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద, ర్యాలీల్లో ఈ ఇంజన్లను పీల్చి పిప్పి చేశారు. కొన్నింటిని కుర్రాళ్ళు సస్పెన్షన్ కోసేసి, పెద్ద పెద్ద సైలెన్సర్లు పెట్టి పాడుచేశారు. ముట్టుకోకుండా మిగిలినవి కొన్నే.

అట్లాగని మొదట్నుంచీ రేటు నిలిచిందనుకోవద్దు. నేను కొన్న ఏడాదే, 2010 జూన్‌లో, పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. డీజిల్‌కి అది 2014 అక్టోబరు దాకా ఉంది, కాబట్టి డీజిల్ చవగ్గా దొరికేది. మధ్యలో ఆ నాలుగేళ్ళూ నెల్లూరులో పెట్రోలు సెడాన్ అంటే బ్రోకర్లు మొహం తిప్పుకున్నారు. రొయ్యల చెరువుల వాళ్ళకి, వడ్ల వ్యాపారులకి కావలసింది డీజిల్ బండి, అదీ తెల్లది. మినీ బైపాస్ దగ్గర ఒకతను నా బండి చుట్టూ తిరిగి అడిగిన మొదటి మాట, "ఎంతిస్తాదన్నా?" టౌన్లో లీటరుకి పది, పదకొండు అన్నాను. "డెబ్భై వేలయితే చూద్దాం లేన్నా" అన్నాడు. ఇంజన్ స్టార్ట్ చేయమని కూడా అడగలేదు.

తర్వాత గాలి మారింది. స్కూలుకి పోయే రోజుల్లో ఈ కారు చూసి నోరెళ్ళబెట్టిన పిల్లలు పెద్దవాళ్ళై బెంగళూరులో, హైదరాబాదులో ఉద్యోగాల్లో కుదురుకున్నారు. ఇప్పుడు అడిగేది వాళ్ళే. పోయిన నెల ఒక బెంగళూరు కుర్రాడు వచ్చి అద్దాల మీది నంబర్లు, సీటు గుడ్డ, టూల్‌కిట్ సంచీతో సహా చూసుకుని 3.25 లక్షలు అన్నాడు. అదే బండికి ఇక్కడ ఇవాళ్టికీ లక్ష పైన ఎవరూ అడగరు. ఊరివాళ్ళని తప్పుపట్టను. వాళ్ళకి కావలసింది రోజూ తిరిగే బండి, ఇతనికి కావలసింది చిన్నప్పటి కల.

ఇక లెక్క. 1.9 లక్షలు 3.25 అయ్యాయి, బాగానే ఉంది. పెట్రోలు కాక బండి మీద నేను పెట్టింది నాలుగు లక్షల పైమాటే. టైమింగ్ బెల్టులు, బుష్షులు, రేడియేటరు, ఏసీ కంప్రెసరు, రెండుసార్లు టైర్లు. అన్నిటికంటే ఎక్కువ తిన్నది తుప్పు. మైపాడు సముద్రపు గాలి మన ఊరిదాకా రాదనుకుంటాం గానీ, డిక్కీలో స్టెప్నీ కింద, వెనక చక్రాల పైన ఇనుము నెమ్మదిగా తినేసింది. ఆటోనగర్‌లో ఒక షాపువాళ్ళు దాని మీద పుట్టీ మెత్తి పెయింటు కొట్టి ఇచ్చారు, ఏడాదికే బుడగలు లేచాయి. చివరికి ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయిస్తేనే ఆగింది. అరిగే సామాన్లకి ఇబ్బంది లేదు. హెడ్‌లైట్లు, డోరు బీడింగులు, బంపర్ల లాంటివి కావాలంటే చెన్నైలో పాత సామాన్ల బజారు పుదుపేటలో ఒక పూట తిరగాల్సిందే.

అదే 1.9 లక్షలు బ్యాంకులో 7 శాతానికి వేసుంటే ఐదు లక్షలు దాటేవి. మా ఆవిడ లెక్క వేరు. 2010లో ఆ డబ్బుకి పది తులాల బంగారం వచ్చేది, ఇవాళ దాని విలువ పది లక్షల పైన. ఈ మాట మా ఇంటికి చుట్టాలొచ్చినప్పుడల్లా ఒకసారి వినిపిస్తుంది.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోవాలి. ఐడీవీ (బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే విలువ) లెక్క ప్రకారం ఐదో ఏడు నిండేసరికే కారు విలువ సగానికి కోసేస్తారు, ఆపైన కంపెనీకీ మనకీ కుదిరినంత. నా పాలసీలో రాసింది అరవై వేలు. రేపు ఏ లారీయో గుద్దితే బెంగళూరు రేటు చూపించి ఎవర్నీ అడగలేను. ఆర్సీ కూడా అంతే. పదిహేనేళ్ళు దాటిన కారుకి ఐదేళ్ళకోసారి రెన్యువల్. దాని ఫీజు 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు, 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10,000. ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2001 నాటి రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు కాబట్టి ముందుజాగ్రత్తగా అన్నీ మార్పించాను.

కొత్తతరం బండ్లలో పరిస్థితి వేరు. చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం చేసే స్నేహితుడి దగ్గర 2017 స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ (ఆక్టేవియాలో హుషారైన రకం) ఉంది. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా పెట్టినదాంట్లో సగానికి మించే అడుగుతున్నారు. అదే వయసు మామూలు లగ్జరీ సెడాన్లకి అంత రాదు. ఎందుకో చూడండి: 2017లో ఆ కారు షోరూం ధర 24.62 లక్షలు. 2020లో తర్వాతిది 200 బండ్లే తెచ్చారు, 35.99 లక్షలు. 2025లో వచ్చింది 100 బండ్లే, 49.99 లక్షలు. కొత్తది అందనంత పైకి పోయేకొద్దీ పాతది కిందికి జారదు. బయటిదేశాల్లో బీఎండబ్ల్యూ తొలి ఎం3, మెర్సిడెస్ 190 ఈవో 2 లాంటి సెడాన్లు కోట్లు పలకడానికి వెనక రేసుల నిబంధన ఉంది: రేసులో దింపాలంటే అదే కారును కొన్ని వందలో వేలో జనానికీ అమ్మాలి. ఈవో 2 అయితే చేసిందే 502. మన వీటెక్‌కి అలాంటి పుట్టుక లేదు, షోరూంలో వరసగా అమ్మిన కారు. కాబట్టి దానితో దీన్ని పోల్చి ఎవరైనా ఊరిస్తే నమ్మొద్దు.

ఇంతా చెప్పి అమ్ముతానా అంటే అమ్మను, అది వేరే విషయం. పెట్టుబడి అనుకుని కొనేవాళ్ళకి మాత్రం ఇది కాదు. ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు తిరుగుతూ, ఖర్చు పెట్టుకుంటూ, చివర్లో కొన్నంత వస్తే చాలనుకునేవాళ్ళకి ఇప్పటికీ మంచి బండి.

చూడ్డానికి పోతే బ్యాడ్జీని నమ్మొద్దు. 1.3 బండికి వీటెక్ అక్షరాలు అంటించి అమ్మేవాళ్ళున్నారు. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో కలిపి చూడండి. ఢిల్లీ బండయితే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీతో పాటు ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి, అది కలుపుకుని బేరమాడండి. 2015 చెన్నై వరదల్లో, 2021లో పెన్నా పొంగినప్పుడు మునిగిన బండ్లు కడిగి తుడిచి ఇంకా చేతులు మారుతున్నాయి. సీటుబెల్టు చివరిదాకా బయటికి లాగండి. పై భాగం కడుగుతారు గానీ లోపల చుట్టలో ఉన్నదాన్ని ఎవరూ కడగరు, బురద గీత అక్కడే దొరుకుతుంది.