క్యోటో డే టూర్ కొనేముందు ఆఖరి గుడి ఎన్నింటికి మూస్తారో చూసుకోండి

డిసెంబర్ చివరి వారంలో మా ఆవిడా నేనూ జపాన్‌లోని క్యోటో వెళ్లాం. చలిలో బస్సులు వెతుక్కోవడం ఎందుకని ఆన్‌లైన్‌లో ఒకరోజు బస్ టూర్ కొన్నాం. తలకు 9,000 యెన్లు. తెన్ర్యూజీ గుడి, వెదురువనం, కింకకుజీ (బంగారు మండపం ఉన్న గుడి), ర్యోఆన్‌జీ (రాతితోట ఉన్న గుడి) చూపిస్తామన్నారు. కొనే పేజీలో మంచు కప్పుకున్న బంగారు మండపం ఫొటో. క్యోటోలో అంత మంచు ఏడాదికి ఏ కొద్ది రోజులో పడుతుంది, అదీ మధ్యాహ్నానికల్లా కరిగిపోతుంది. ఆ ఫొటో చూసి మురిసిపోవడం మా తప్పే అనుకోండి.

బస్సు పొద్దున 10కి బయల్దేరింది. తెన్ర్యూజీలో మొదటి దెబ్బ. 'ప్రవేశ రుసుము కలిపి' అంటే తోటకి మాత్రమేనట. లోపలి మందిరాలకు ఇంకో 300 యెన్లు మేమే కట్టాం. డబ్బు కంటే చెప్పులు విప్పి ఆ చెక్కనేల మీద నడవడమే గుర్తుండిపోయింది, ఐసు మీద నడిచినట్టే. మందపాటి సాక్సులు తీసుకెళ్లండి.

భోజనం వెజిటేరియన్ అన్నారు. సూప్ వాసన చూసి అడిగితే, చేపతో కాచిన దాషి అనే రసం అట. ముక్క లేకపోతే వెజ్ అని వాళ్ల లెక్క. శాకాహారులైతే 'దాషి కూడా వద్దు' అని ముందే రాసి పంపండి.

అసలు మోసం కింకకుజీ తర్వాత. మండపంలోకి ఎవరినీ పోనివ్వరు, చెరువు ఇవతలి నుంచి చూడటమే, కాబట్టి మూడున్నరకల్లా బయటికొచ్చాం. అక్కడి నుంచి ర్యోఆన్‌జీ నడిచినా 20 నిమిషాలే. కానీ బస్సు మమ్మల్ని ఒక గిఫ్ట్ షాపుకి తీసుకెళ్లి, దాదాపు 50 నిమిషాలు అక్కడే పెట్టింది. ర్యోఆన్‌జీ గేటు దగ్గరికి చేరేసరికి 4:35. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆ గుడి నాలుగున్నరకే మూస్తారు! మిగతా నెలల్లో అయిదు దాకా ఉంటుంది. వీళ్లు ఏడాది పొడుగునా ఒకటే టైమ్ టేబుల్ అమ్ముతున్నారన్నమాట. క్యోటోలోనే ఇంకో గుడి గింకకుజీ కూడా చలికాలంలో నాలుగున్నరకే మూస్తారు, కాబట్టి అది చివర్లో ఉన్న టూర్లతోనూ జాగ్రత్త. అసలు అయిదుకల్లా చీకటి పడిపోతుంది.

ఆ రాతితోటలో 15 రాళ్లుంటాయి, ఎక్కడ కూర్చున్నా కనీసం ఒకటి కనపడదంటారు. మాకు పదిహేనూ కనపడలేదు.

రీఫండ్ అడిగితే 'పరిస్థితులను బట్టి ప్రదేశాలు మారవచ్చు' అన్న చిన్నక్షరాల లైన్ చూపించారు. మూడు మెయిల్స్ తర్వాత వచ్చే టూర్‌కి 10 శాతం డిస్కౌంట్ కూపన్ ఇచ్చారు. ఎవరిక్కావాలి?

కొనేముందు ఏ గుడి దగ్గర ఎన్నింటికి ఉంటామో, మధ్యలో షాపు ఉందో లేదో మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పింది తర్వాత పనికిరాదు.

మర్నాడు ఎనిమిదిన్నరకి మేమే సిటీ బస్సులో ర్యోఆన్‌జీకి వెళ్లాం. బస్ టికెట్ 230 యెన్లు. వరండాలో పట్టుమని పదిమంది లేరు. నాకు 14 రాళ్లు లెక్కకొచ్చాయి. మా ఆవిడ పదమూడే అంటుంది, ఇప్పటికీ.