లువార్ లోయలో బెడ్‌షీట్ల బేరం

ఫ్రాన్సులో ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్ళు బెడ్‌షీట్లు ఇస్తారో లేదో అడిగి మరీ బుక్ చేసుకోండి. మేం అడగలేదు. లువార్ నది లోయలో, అంబువాజ్ ఊరి దగ్గర ఒక పల్లెలో మూడు రాత్రులకు 330 యూరోలు కట్టి, రాత్రి ఎనిమిదింటికి సామాను ఈడ్చుకుంటూ వెళ్తే నాలుగు పరుపులూ బోసిగా ఉన్నాయి. మనిషికి 15 యూరోలిస్తే బెడ్‌షీట్లు, తువ్వాళ్ళు ఇస్తానంది ఇంటావిడ. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని వాదించాను. బుకింగ్ కాగితం అడుగున వేలు పెట్టి చూపించింది. నిజమే, ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో, ఫ్రెంచిలో! 60 యూరోలు సమర్పించుకున్నాం. వెళ్ళేరోజు ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమి పెట్టినా క్లీనింగ్‌కని ఇంకో 50. అక్కడ చాలా ఇళ్ళలో ఇదే పద్ధతట. అయితే ఆ ముక్క అద్దె పక్కనే రాయడానికేం?

"సత్రంలోనైనా చాప ఇస్తారు కదమ్మా" అన్నారు రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు. మా ఆయన మాట్లాడలేదు. బుక్ చేసింది ఆయనే మరి.

షాంబోర్ కోటలో ఎక్కేవాళ్ళకు దిగేవాళ్ళు ఎదురుపడని జంట మెలికల మెట్లు బాగున్నాయి, మా అమ్మాయి ఐదుసార్లు ఎక్కి దిగింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను మాత్రం తీసుకెళ్ళకండి.

ఒక్క కోటే చూసే తీరికుంటే షెనొన్సోకి వెళ్ళండి. తూర్ నగరం నుంచి లోకల్ రైల్లో అరగంట, స్టేషన్ దిగితే ఎదురుగా గేటే. షేర్ నదికి అడ్డంగా వంతెన, దానిమీద 60 మీటర్ల పొడవు హాలు. మొదటి ప్రపంచయుద్ధంలో అది ఆసుపత్రి. రెండో యుద్ధంలో ఈ నదే సరిహద్దు: ఈ గట్టు జర్మన్ల చేతిలో, ఆ గట్టు వాళ్ళు ఆక్రమించని ప్రాంతం. మా అత్తగారికి ఇవేవీ పట్టలేదు. నదిలో దిగిన స్తంభాల్లోనే కట్టిన వంటిల్లు, ఆ రాగి గిన్నెలు చూస్తూ అరగంట కదల్లేదు. సరుకులు పడవలో నేరుగా వంటింటి దగ్గరికే వచ్చేవట.

బయటికొచ్చేసరికి రెండున్నర. అక్కడ రెండు దాటితే వంట కట్టేస్తారు, ఏడు దాకా పొయ్యి వెలిగించరు. చిప్స్‌తో సరిపెట్టుకుని సాయంత్రం లువార్ ఒడ్డున కూర్చున్నాం. ఇసుక మేటలు చూసి, "వేసంగి గోదారే" అన్నారావిడ.

రాత్రి కొండరాతి గుహలోని హోటల్లో ఫువే తిన్నాం. కట్టెల పొయ్యిలో పూరీలా పొంగిన వేడి రొట్టె, చీల్చి లోపల పుట్టగొడుగులు, మేక పాల చీజ్ పెట్టుకోవడమే. మా ఆయన అప్పుడు నవ్వారు. నలుగురికీ 58 యూరోలు. బెడ్‌షీట్లకంటే రెండు తక్కువ.